పీజీ సీటు వచ్చింది సరే, మొదటి నైట్ డ్యూటీకి సిద్ధం చేసేదెవరు?

సంపాదకులు గారికి,

నమస్కారం. నీట్ పీజీ కౌన్సెలింగ్ మొదలైందంటే మీ పత్రికలో ర్యాంకులు, కటాఫ్‌లు, మిగిలిన సీట్ల మాటే రోజూ కనబడుతుంది. ఆంధ్ర, తెలంగాణ కాలేజీల్లో ఎంబీబీఎస్ చదివిన పిల్లలు ఆలిండియా కోటాలోనూ, డీమ్డ్, ప్రైవేటు సీట్లలోనూ ఏటా బెంగళూరుకు వచ్చి చేరుతున్నారు. ఇక్కడి బోధనాసుపత్రుల్లో వాళ్లకు వార్డు పని నేర్పేవాళ్లుగా మేం చెప్పదలచింది ఒక్కటే. సీటు అలాట్‌మెంట్‌కూ మొదటి నైట్ డ్యూటీకీ మధ్య 2 వారాల చేతిపని శిక్షణ ఉండాలి. అది పూర్తికాకుండా కొత్త రెసిడెంట్‌ను (పీజీ చదువుతూ ఆసుపత్రిలో పనిచేసే డాక్టరును) రాత్రిపూట వార్డులో ఒంటరిగా నిలబెట్టకూడదు.

నీట్ పీజీలో 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. ప్రశ్నకు నిమిషం పైచిలుకు. నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తుపట్టడమే పరీక్ష. ఆ ర్యాంకు కోసం ఇంటర్న్‌షిప్ ఏడాదిలో సగం లైబ్రరీకీ, ఫోన్‌లోని క్వశ్చన్ బ్యాంకులకూ పోతోంది. వార్డులో సంతకం పెట్టి చదువుకోవడానికి వెళ్లే ఇంటర్న్‌ను యూనిట్ వాళ్లు కూడా గట్టిగా ఆపరు. మొదటిసారి ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు, ఇంట్లో కూర్చుని చదువు. అలా రోగిని ముట్టుకుని చాలాకాలమైన చేతులతో వచ్చి నేరుగా క్యాజువాలిటీలో నిలబడతారు. వాళ్లకు చదువు రాదని మేం అనడం లేదు. పొటాషియం తగ్గితే ఈసీజీలో ఏం మారుతుందో గడగడా చెబుతారు. పొటాషియం క్లోరైడ్ ఆంపూల్ చేతికిచ్చి ఎంత, దేంట్లో కలిపి, ఎంతసేపట్లో ఎక్కించాలని అడిగితే ఆగిపోతారు.

మన దగ్గర దొరికే 10 మి.లీ. ఆంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. దాన్ని నేరుగా సిరంజితో నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగుతుంది. అర లీటరు సెలైన్‌లో ఒక ఆంపూల్ కలిపితే లీటరుకు 40 చొప్పున అవుతుంది. చేతి నరంలోకి అంతకంటే చిక్కగా వెళ్లకూడదు, వేగం గంటకు 10 దాటకూడదు. అంటే ఆ సీసా కనీసం 2 గంటలు నడవాలి. ఇంతవరకు పుస్తకంలోనూ దొరుకుతుంది. వేలాడుతున్న సీసాలోకి ఆంపూల్ పొడిచి, సీసాను దించి నాలుగైదుసార్లు తిరగేసి కలపకపోతే పొటాషియం అడుగున పేరుకుని మొదటి కొన్ని నిమిషాల్లోనే ముద్దగా లోపలికి పోతుందని మాత్రం ఎవరో ఒకరు పక్కన నిలబడి చూపించాలి.

ఇన్సులిన్‌ది ఇంకో గండం. మన ప్రభుత్వాసుపత్రుల్లో వాడే వయల్ మి.లీ.కి 40 యూనిట్లది. పెన్‌లో వేసే కార్ట్రిడ్జ్ మి.లీ.కి 100 యూనిట్లది. సిరంజిలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 40 వయల్‌ను 100 సిరంజిలోకి తీస్తే రోగికి అనుకున్న దాంట్లో 40 శాతమే అందుతుంది, షుగర్ ఎందుకు దిగడం లేదో అర్థంకాక డోసు పెంచుకుంటూ పోతారు. పెన్ కార్ట్రిడ్జ్ నుంచి 40 సిరంజితో లాగితే రెండున్నర రెట్లు వెళ్తుంది, తెల్లవారుజామున రోగి చెమటలతో స్పృహ తప్పుతాడు. సిరంజి పంపుకు 50 యూనిట్లు 50 మి.లీ. సెలైన్‌లో కలపాలంటే 40 వయల్ నుంచి 1.25 మి.లీ. తీయాలి. ఈ లెక్క నైట్ డ్యూటీలో నిద్రమత్తులో మొదటిసారి వేయకూడదు. షుగర్ బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారే డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లోనైతే పొటాషియం రిపోర్టు చూడకుండా ఇన్సులిన్ పంపు ఆన్ చేయకూడదు. 3.5 కంటే తక్కువ ఉంటే ముందు పొటాషియమే ఎక్కించాలి, ఎందుకంటే ఇన్సులిన్ ఉన్న కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి తోసేస్తుంది.

బీపీ పడిపోయినప్పుడు ఎక్కించే నోరాడ్రినలిన్ ఆంపూల్ లేబుల్ మీద బైటార్ట్రేట్ (ఆ మందు లవణం) ఎంత, అందులో అసలు నోరాడ్రినలిన్ ఎంత అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో దాదాపు సగం. అసలు మందు 4 మి.గ్రా. లెక్కన 50 మి.లీ.లో కలిపితే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము కావాలంటే పంపు మీద గంటకు 4.5 మి.లీ. పెట్టాలి. ఒక రెసిడెంట్ లేబుల్ మీది పెద్ద అంకె చూసి, రాత్రి వచ్చినవాళ్లు చిన్న అంకె చూసి కలిపారంటే సిరంజి మారిన క్షణంలో బీపీ రెట్టింపు మందుకో సగం మందుకో ఊగిపోతుంది. కొత్త రెసిడెంట్ చేత ఈ లెక్క కాగితం మీద పదిసార్లు, సెలైన్ నింపిన పంపు మీద పదిసార్లు చేయించాలి. మూర్ఛను ఆపే ఫినిటాయిన్ కూడా అంతే. 60 కిలోలకు కిలోకు 20 చొప్పున 1200 మి.గ్రా., అంటే 2 మి.లీ. ఆంపూళ్లు 12. సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే పొడిలా విడిపోతుంది. నిమిషానికి 50 మి.గ్రా. మించకూడదు కాబట్టి కనీసం 24 నిమిషాలు, మానిటర్ పెట్టుకుని.

రక్తం తీయడం ఎవరికైనా వచ్చు అనుకుంటారు. ల్యాబ్ నుంచి వచ్చే తప్పుడు రిపోర్టుల్లో చాలావాటికి మూలం అక్కడే. ఊదా మూత వయల్‌లో ఉండే మందు పొటాషియం కలిసినది, కాల్షియాన్ని పట్టేస్తుంది. ఎర్ర వయల్‌కు రక్తం చాలలేదని ఊదా వయల్ నుంచి కాస్త ఒంపితే పొటాషియం ఏడో ఎనిమిదో అని, కాల్షియం అసలు లేదన్నట్టు రిపోర్టు వస్తుంది, లేని జబ్బుకు వైద్యం మొదలవుతుంది. నీలి మూత వయల్‌లో గీత వరకు కచ్చితంగా నింపాలి, 0.3 మి.లీ. సిట్రేట్‌కు 2.7 మి.లీ. రక్తం. తక్కువ పోస్తే గడ్డకట్టే సమయం ఎక్కువున్నట్టు వచ్చి, అక్కర్లేని ప్లాస్మా ఎక్కుతుంది. కల్చర్ సీసా ముందు, తర్వాత నీలం, తర్వాత ఎరుపు, ఆ తర్వాత ఊదా, చివర బూడిద రంగు. సన్న సూదిలోంచి బలంగా వయల్‌లోకి తోస్తే కణాలు చితికి పొటాషియం మళ్లీ దొంగలెక్కే. ఒక ల్యాబ్ టెక్నీషియన్ గంటసేపు కూర్చోబెట్టి నేర్పితే మూడేళ్లు పనికొచ్చే విద్య ఇది. ఆ గంట మాత్రం ఎవరి టైం టేబుల్లోనూ ఉండదు.

బెంగళూరు క్యాజువాలిటీలకు అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి అంబులెన్సులు రాత్రిళ్లు వస్తుంటాయి. వాటిలో పాముకాటు, పురుగుమందు కేసులు ఉంటాయి. పాముకాటులో రక్తం గడ్డకడుతోందో లేదో చూసే 20 నిమిషాల పరీక్షకు 2 మి.లీ. తాజా రక్తం, పొడిగా ఉన్న గాజు పరీక్షనాళిక, ఒక గడియారం చాలు. ప్లాస్టిక్ గొట్టంలో చేసినా, సబ్బుతో కడిగిన గొట్టంలో చేసినా, మధ్యలో ఆత్రంగా ఊపి చూసినా ఫలితం చెడిపోతుంది. గడ్డకట్టకపోతే విషానికి విరుగుడైన యాంటీవీనం 10 వయల్స్, గంటసేపట్లో. పిల్లలకూ అంతే మోతాదు, ఎందుకంటే పాము పిల్లవాడిని చూసి విషం తగ్గించదు. ఎక్కించే ముందే అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. రియాక్షన్ వస్తే పెద్దవాళ్లకు 0.5 మి.గ్రా. తొడ కండరంలోకి. పురుగుమందు కేసులో విరుగుడుగా అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఆంపూళ్లు మూడు నుంచి ఐదు ఒకేసారి ఇచ్చి, ప్రతి 5 నిమిషాలకూ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఎక్కడ ఆపాలన్న దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు. కంటిపాప పెద్దదైందని ఆపేస్తారు. చూడాల్సింది ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందా, పల్స్ 80 దాటిందా, పై బీపీ 80 దాటిందా, చంకలు ఆరాయా అని. రోగి జ్వరంతో పెనుగులాడుతూ, పేగుల శబ్దం ఆగిపోయిందంటే అట్రోపిన్ ఎక్కువైనట్టు.

ఇవన్నీ వచ్చినా, సీనియర్‌కు ఎప్పుడు ఫోన్ చేయాలో తెలియకపోతే రోగి దక్కడు. కొత్త రెసిడెంట్ రాత్రి 2 గంటలకు ఫోన్ చేయడానికి జంకుతాడు. ఉదయం రౌండ్స్‌లో ‘ఇంతదానికి లేపావా’ అంటారని భయం. ఈ జంకును పోగొట్టాల్సింది డిపార్ట్‌మెంటే. ఏయే అంకెలకు తప్పనిసరిగా ఫోన్ చేయాలో కాగితం మీద రాసి నర్సింగ్ స్టేషన్‌లో అంటించాలి. శ్వాస నిమిషానికి 25 దాటినా, 8కి తగ్గినా. పై బీపీ 90 కంటే పడినా. ఆక్సిజన్ పెట్టినా సాచురేషన్ 92కు చేరకపోయినా. 60 కిలోల రోగికి మూత్రం గంటకు 30 మి.లీ. కంటే తగ్గినా. కొత్తగా పొంతన లేని మాటలు మొదలైనా. ఇవేవీ లేకపోయినా డ్యూటీ సిస్టర్ ‘ఈ పేషెంటు బాగాలేడు డాక్టర్’ అంటే కూడా చేయాలి. పదేళ్లు అదే వార్డులో ఉన్న సిస్టర్ చూపు మానిటర్ కంటే ముందే పసిగడుతుంది. ఇక శ్వాస లెక్క గురించి ఒక మాట. మన కేస్‌షీట్లలో అందరికీ 18 లేదా 20 అనే ఉంటుంది, ఎవరూ నిమిషం నిలబడి లెక్కించరు. రోగి పరిస్థితి దిగజారేటప్పుడు ముందుగా మారేవాటిలో అదొకటి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన, రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో అంకెల్లో చెప్పే న్యూస్‌-2 స్కోరులో మొదటి గడి శ్వాసదే. మొత్తం 5కు చేరితే త్వరగా చూడాలి, 7కు చేరితే ఎమర్జెన్సీ. ఆ చార్టు వేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

డ్యూటీ అప్పగింత గురించి అసలు ఎవరూ నేర్పరు. సాయంత్రం వెళ్లేవాళ్లు ‘అన్నీ స్టేబుల్, 14వ బెడ్డు చూసుకో’ అని మెట్లు దిగిపోతారు. అప్పగింత అంటే ఇలా ఉండాలి: ‘14వ బెడ్డు, సిర్రోసిస్, నిన్న రక్తపు వాంతులు, ఎండోస్కోపీలో బ్యాండింగ్ చేశారు. ఇప్పుడు నిలకడగానే ఉన్నాడు గానీ కన్నేసి ఉంచాలి. రాత్రి 10కి హిమోగ్లోబిన్ రిపోర్టు వస్తుంది, 7 కంటే తగ్గితే ఒక యూనిట్ ఎక్కించు, బ్లడ్ బ్యాంకులో 2 యూనిట్లు క్రాస్‌మ్యాచ్ అయి ఉన్నాయి. పల్స్ 110 దాటినా, మళ్లీ వాంతి అయినా గ్యాస్ట్రో డ్యూటీ డాక్టరుకు వెంటనే ఫోన్ చెయ్.’ విన్నవాళ్లు అదంతా తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పించే ఆ ఒక్క అడుగులోనే సగం పొరపాట్లు బయటపడతాయి. అమెరికా, కెనడాల్లోని 9 పిల్లల ఆసుపత్రుల్లో ఈ తరహా అప్పగింతను రెసిడెంట్లకు నేర్పితే వైద్యంలో పొరపాట్లు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గినట్టు 2014లో ప్రచురితమైంది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ కలిసి గడిపే అరగంట కావాలి.

కాగితాల పని గురించి క్లుప్తంగా. మరణ ధ్రువీకరణ ఫారం 4లో ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసి వదిలేయడం తప్పు. అది చనిపోయిన తీరే తప్ప కారణం కాదు. సెప్టిక్ షాక్, దానికి కారణం కిడ్నీ ఇన్ఫెక్షన్, పక్కన డయాబెటిస్ అని గొలుసుగా రాయాలి. మెడికో లీగల్ కేసును రిజిస్టరులో ఎక్కించి పోలీసులకు సమాచారమివ్వడం, విషం కేసులో మొదట కడిగిన పొట్ట ద్రవాన్ని సీలు వేసి ఉంచడం, పోలీసుల ప్రమేయం లేకుండా శవాన్ని అప్పగించకపోవడం, ఇవన్నీ మొదటి వారమే తెలియాలి. 2024 జూలై 1 నుంచి నేర విచారణ పద్ధతికి సంబంధించిన పాత సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు కూడా మారాయి, పాత నోట్సు పనికిరావు. రక్తం ఎక్కించేటప్పుడు మంచం దగ్గర ఇద్దరు పేరు, నంబరు, గ్రూపు చదివి సరిచూడాలి. ఫ్రిజ్ నుంచి తీసిన 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, 4 గంటల్లో ముగించాలి, మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండాలి.

భాష సంగతి. సరిహద్దు జిల్లాల రోగులు తెలుగే మాట్లాడతారు గనుక మనవాళ్లు నెట్టుకొస్తారు. రాయచూరు, కలబురగి నుంచి వచ్చిన రోగి దగ్గర చిక్కుపడతారు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, మూత్రం వస్తోందా, ఏ మందు పడదు, ఇప్పటివరకు ఏ మాత్రలు వేసుకున్నారు, ఇలాంటి 40 కన్నడ వాక్యాలు చేరడానికి ముందే బట్టీ పట్టి రావాలి. ఆపరేషన్ కన్సెంట్‌ను మాత్రం రోగి పక్కనున్న చుట్టం చేత తర్జుమా చేయించవద్దు. సిస్టర్‌నో, కన్నడ వచ్చిన తోటి డాక్టరునో పిలవండి, పిలిచినట్టు కేస్‌షీటులో రాయండి.

ఇక 2 వారాలు ఎలా నడపాలంటారా? మొదటి 3 రోజులు ఏ బాధ్యతా లేకుండా రెండో ఏడాది రెసిడెంట్ వెంట తిరగాలి, అందులో ఒకటి రాత్రి. బ్రిటన్‌లో కొత్త డాక్టర్లకు ఇలా కనీసం 4 రోజుల జీతంతో కూడిన వెంట తిరిగే కాలం 2012 నుంచి ఉంది. తర్వాతి 4 రోజులు పొద్దున వార్డు, మధ్యాహ్నం చేతిపని: గడువు తీరిన ఆంపూళ్లతో మందు లెక్కలు, సిరంజి పంపు, డీఫిబ్రిలేటర్, ఊపిరి గొట్టం వేసే బొమ్మ, ఛాతీ డ్రెయిన్. ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబు పొట్టలో ఉందో లేదో గాలి ఊది స్టెతస్కోపుతో వినడం నమ్మదగ్గ పద్ధతి కాదని, ద్రవం పీహెచ్ 5.5 లేదా తక్కువైనా ఉండాలి, ఎక్స్‌రే అయినా చూడాలని ఇక్కడే చేయించి చూపాలి. రెండో వారం జోడీ డ్యూటీ: మందు రాసేది కొత్తవాళ్లు, కింద సంతకం సీనియర్‌ది. నేర్పేవాళ్లుగా ప్రొఫెసర్లే అక్కర్లేదు. ఐసీయూ సిస్టర్ ఇన్‌ఛార్జి, ల్యాబ్ టెక్నీషియన్, బ్లడ్ బ్యాంకు డాక్టరు, మెడికల్ రికార్డ్స్ గుమస్తా తలా రెండు గంటలిస్తే చాలు. ప్రతి పనీ ఎవరి కళ్లముందు చేశారో సంతకంతో లాగ్‌బుక్‌లో ఎక్కాలి. అందులో రాసి ఉన్న 15 పనులూ పూర్తికాని వాళ్లకు ఒంటరి నైట్ డ్యూటీ వేయకూడదు.

నేషనల్ మెడికల్ కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో మొదటి ఏడాదిలో లైఫ్ సపోర్ట్ శిక్షణ తీసుకోవాలని ఉంది. ఆచరణలో అది ఎనిమిదో నెలలోనో పదో నెలలోనో జరుగుతుంది, అప్పటికి ఆ రెసిడెంట్ ఎన్నో గుండెల మీద చేతులు వేసి ఉంటాడు. అడ్రినలిన్ ప్రతి 3 నుంచి 5 నిమిషాలకు ఒక మి.గ్రా. అని తెలిసినా, ఛాతీ నొక్కడం ఆపకుండా దాన్ని ఎవరు ఇవ్వాలి, సమయం ఎవరు చూడాలి అని పనులు పంచడం సాధనతోనే వస్తుంది. ఎంబీబీఎస్‌లో చేరే పిల్లలకు 2019లో నెల రోజుల ఫౌండేషన్ కోర్సు పెట్టారు. అప్పటికింకా వాళ్ల చేతిలో ఏ రోగి ప్రాణమూ లేదు.

రెసిడెంట్ ఒంటి సంగతి కూడా ఈ శిక్షణలో భాగమే. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు 0, 1, 6 నెలల్లో పడుతుంది. అది ఇంటర్న్‌షిప్‌లోనే పూర్తిచేసి, యాంటీబాడీ 10 దాటిందో లేదో చూపించుకుని రావాలి. సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడగాలి. హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మందు రాత్రి 3 గంటలకు ఏ గదిలో, ఎవరి తాళంలో దొరుకుతుందో మొదటి రోజే చూపించాలి. 24 గంటలు మేల్కొన్న మనిషి తీరు రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్నవాడిలా ఉంటుందని పరిశోధనలు చూపాయి. మన మోటారు చట్టం హద్దు 0.03 శాతం. డ్యూటీ దిగి స్కూటర్ మీద ఔటర్ రింగ్ రోడ్డెక్కవద్దు, రెసిడెంట్ గదిలో పడుకుని వెళ్లండి, లేదా ఆటో ఎక్కండి. వారానికో రోజు సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు అదే 2023 నిబంధనల్లో ఉన్నాయి. అడగడం తప్పు కాదు. మనసు బరువైతే టెలిమానస్ సహాయ ఫోన్ నంబరు 14416కి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022లో మొదలైన ఆ సేవకు కేంద్రం ఇక్కడి నిమ్హాన్సే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. సీటు వచ్చాక, చేరడానికి ముందు దొరికే వారాల్లో పిల్లలను పెళ్లిళ్లకు, సన్మానాలకు తిప్పడమొక్కటే కాకుండా, ఊళ్లోని ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో అనుమతి తీసుకుని కొన్ని రాత్రులు నిలబడనివ్వండి. ఏపీ, తెలంగాణ మెడికల్ కౌన్సిళ్ల నుంచి కర్ణాటక కౌన్సిల్ నమోదుకు కావలసిన కాగితాలు అప్పుడే తెప్పించుకుంటే, మొదటి నెల డ్యూటీ మధ్య వాటి కోసం పరుగులుండవు.

కాలేజీ యాజమాన్యాలు ఈ ప్రతిపాదనకు చెప్పే అడ్డంకి మాకు తెలుసు. కౌన్సెలింగ్ ఒకేసారి ముగియదు, మొదటి రౌండ్ వాళ్లు చేరిన ఎన్నో వారాలకు మిగిలిన సీట్లకు జరిపే చివరి స్ట్రే రౌండ్ వాళ్లు వస్తారు, అప్పటికి వార్డులో చేతులు చాలక వాళ్లను అదే రోజు డ్యూటీలో వేస్తారు. అందుకే శిక్షణను ఏడాదికొక్కసారి జరిపే కార్యక్రమంగా కాకుండా ప్రతి రౌండ్ తర్వాతి సోమవారం మొదలయ్యేలా పెట్టాలి. చివరి రౌండ్‌లో ఇద్దరే చేరినా ఆ ఇద్దరికీ 2 వారాలు పూర్తిగా నడపాలి. డ్యూటీ రోస్టర్ వేసేటప్పుడే వాళ్ల పేర్లను మొదటి 14 రోజులకు లెక్కలోకి తీసుకోకూడదు. అడ్మిషన్ నోటీసులో ఫీజు, హాస్టల్ వివరాల పక్కన ఈ శిక్షణ తేదీలు కూడా అచ్చువేయాలని మా కోరిక.

ఇట్లు,
బెంగళూరు బోధనాసుపత్రుల్లో పనిచేస్తున్న కొందరు తెలుగు వైద్యులు